చెయ్యేసి చూసినోళ్లు లేరు

మా అమ్మ కుడి డొక్కలో నొప్పికి చాలామంది చాలా కారణాలు చెప్పారు. "పెద్దమాంసం తిని అరక్క" అన్నాడు ఆమె కూలికెళ్లే కామందు. "తాగుతావేటే?" అన్నాడు ఆరెంపీ. అమ్మ జన్మలో చుక్క ముట్టింది కాదు. "సిల్లంగి పెట్టీసినారు" అన్నారు మా మాలపేట వాళ్లు. సబ్బవరంలో ఒక డాక్టరు బల్లకి అవతల కూచునే "గ్యాసు" అని రాసిచ్చాడు. ఇన్ని చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆమె కడుపు మీద చెయ్యేసి చూడలేదు.

2004 నుంచి ఏడేళ్లు అలాగే గడిచాయి. నూనె కూర తిన్న రాత్రి నొప్పి లేచేది. పక్కటెముకల కింద మొదలై కుడి భుజం వెనక్కి పాకేది. మట్టి తట్టలు మోసే భుజం కదా, మోత నొప్పే అనుకుంది. వాంతి చేసుకుని, గోడకానుకుని కూచుని, తెల్లారేక మళ్లీ పనికెళ్లేది. "కూలోళ్లకి నొప్పేటి కొత్తా?" అనేది.

2011లో, నేను డిగ్రీ చదివేటప్పుడు, విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాను. అక్కడొక డాక్టరమ్మ అమ్మని పడుకోబెట్టి, కుడి పక్కటెముకల కింద వేళ్లు నొక్కిపట్టి, "గట్టిగా ఊపిరి పీల్చమ్మా" అంది. అమ్మ ఊపిరి సగంలో ఆగిపోయింది. దాన్ని మర్ఫీ గుర్తు అంటారు. వందేళ్ల కిందటి అమెరికా సర్జన్ పేరది. ఊపిరి పీల్చితే వాచిన పిత్తాశయం కిందికి దిగి వేళ్లకి తగులుతుంది. స్కానింగ్‌లో రాళ్లు కనపడ్డాయి. ఆపరేషన్ అయ్యాక ఆ రాళ్లు సీసాలో వేసి ఇచ్చారు. అమ్మ వాటిని పేటంతా తిప్పి, "ఇదేనర్రా నా సిల్లంగి" అని చూపించింది.

ఆ చోట నొప్పికి కారణం ఒక్కటే ఉండదు. కామెర్లు తెచ్చే వైరస్సులున్నాయి. చెడ్డనీళ్లలోంచి వచ్చే అమీబా కాలేయంలో చీముగడ్డ కడుతుంది. చిన్నపేగు మొదట్లో పుండు, కుడి కిడ్నీలో రాయి, కుడి ఊపిరితిత్తి అడుగున నిమోనియా, ఒక్కోసారి గుండెజబ్బు కూడా అక్కడే నొప్పెడతాయి. సర్పి పొక్కులు తేలకముందే మంట పుడుతుంది. పిత్తాశయంలో రాళ్లు ఆడవాళ్లకే ఎక్కువ, కాన్పులు ఎక్కువైతే మరీను. మాంసం ముట్టని ఇళ్లలోనూ వస్తాయవి. వీటిలో దేని మీదా కులం పేరు రాసి ఉండదు.

ఏది ఏదో తేల్చాలంటే ముందు అడగాలి, తర్వాత తాకాలి, నొక్కి చూడాలి. మా అమ్మ వైద్యం ఆ తాకడం దగ్గరే ఏడేళ్లు ఆగింది.

ఆంధ్రప్రదేశ్ తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరున మా సబ్బవరంలోనే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే పిల్లల్ని ఒకటడుగుతాను. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా చీటీ రాసేవాణ్ణి ఏ సెక్షను కింద నిలబెట్టాలి?

ఈలోగా మన పేటల్లో చెప్పాల్సింది చెబుదాం. నొప్పితోపాటు జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా ఉండొద్దు. చూడకుండా చీటీ రాస్తుంటే, "చెయ్యేసి చూడండి డాక్టరుగారూ" అని అడగండి. కోప్పడతారు. పడనీండి.