తీతువు కూత

వచ్చువారు గడప దాటకమునుపే అడుగుల చప్పుడును బట్టి వారెవరో గృహిణి చెప్పగలదు. ఉయ్యాలలోని బిడ్డ ఆకలికి ఏడ్చుచున్నదో, నిద్రకు ఏడ్చుచున్నదో తల్లి వంటయింటనుండియే గ్రహించును. ఇంతటి చెవి గల మనము, పెరటిచెట్టుమీద ప్రతిదినమును కూయు పక్షి యేదని యెవరైన నడిగినచో "ఏదో పిట్ట" యని యూరకుందుము. పక్షుల పేరు తెలియకున్న నేమి కొదువ యని సోదరీమణులు కొందఱు తలంపవచ్చును. ఆ తెలియమి యొక్కొక్కప్పుడు ఇంటిలో భయమునకును, బయట నొక ప్రాణికి ముప్పునకును కారణమగుట మేము కన్నులార చూచితిమి.

మా నివాసము హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేటల నడిమి ప్రాంతము. బండరాళ్ల గుట్టలు, తుమ్మలు, సీతాఫలపు పొదలు, శామీర్‌పేట చెరువు, జవహర్ జింకల పార్కు ఇక్కడి పక్షులకు ఆశ్రయములు. వీనినడుమ అవుటర్ రింగురోడ్డును, నానాటికి పెరుగుచున్న ఇండ్లస్థలముల వెంచర్లును గలవు.

గత వేసవిలో మా చిన్నమ్మాయి తొలికాన్పునకు మా యింటికి వచ్చినది. అప్పుడు రాత్రులందు ఒక పక్షి మా మిద్దెమీదుగా గట్టిగా అఱచుచు తిరుగసాగెను. మా అత్తగారు తులసికోట దిక్కుగా చేతులు జోడించి, "తీతువు కూయుచున్నది, ఏ కీడు మూడునో" అనిరి. ఆమాట విన్నది మొదలు పిల్లకు అన్నము సహింపలేదు, కంటికి కునుకు లేదు. "అమ్మా, ఊరిలో ఇన్ని యిండ్లుండగా అది మన యింటిమీదనే యేల కూయవలయును?" అని మమ్ము అడిగినది. మూఢనమ్మకమని కసరుకొన్నంతమాత్రమున అట్టి భయము పోదు. కూసినదేదో, ఏల కూసినదో చూపవలయును.

మఱునాడు తెల్లవాఱగనే అత్తగారిని, అమ్మాయిని వెంటబెట్టుకొని యింటివెనుకనున్న ఖాళీ స్థలమునకు పోయితిమి. హద్దురాళ్ల నడుమ ఆ పక్షి నిలిచియుండెను. పొడవైన పసుపుపచ్చని కాళ్లు, నల్లని తల, నల్లని రొమ్ము, కంటిముందు కుంకుమవంటి ఎఱ్ఱని తోలుతిత్తి. మమ్ము చూడగానే పైకెగిరి రాత్రి విన్న కూతనే కూసినది. కొంత దూరమున నిలిచి చాలసేపు కనిపెట్టగా, అది నేలకు దిగి రెండు రాళ్లనడుమ కూర్చుండినది. అచ్చట గూడు లేదు. చిన్నపల్లమున మట్టిరంగున నల్లమచ్చలుగల నాలుగు గ్రుడ్లు మాత్రముండెను. తీతువు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. కావున కుక్క వచ్చినను, మనిషి నడచినను, రాత్రియైనను పగలైనను అఱచి బెదిరించుటయే దానికి గల కాపుదల. అది మన యింటి కీడును చాటుటలేదు; తన యింటికి రాబోవు కీడునకు వెఱచి కేకలు వేయుచున్నది.

మా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "దుక్కినాడు మా నాయన ఇటువంటి గ్రుడ్లు కనబడినచోట నాగలి తప్పించి దున్నెడివాడు. ఆ గ్రుడ్లు దీనివే యని నే నెఱుగను" అనిరి. ఆ మాట మా మనస్సున నాటినది. ఒకే మనసున కూతకు భయము, గ్రుడ్లకు దయ వేఱువేఱుగా నున్నవి. రెండును ఒక పక్షివేయని తెలిసినప్పుడు భయము తగ్గి దయ నిలిచినది.

నాలుగు దినములకు నేల చదునుచేయు జేసీబీ వచ్చినది. అత్తగారే ముందు నడచి, "నాయనా, కడుపుతోనున్న పిల్ల గల యింటివారము, ఆ మూలను కొన్నాళ్లు విడువుము" అని డ్రైవరును వేడుకొనిరి. ఆతడు గ్రుడ్లచుట్టు రాళ్లు పేర్చి దూరముగా పని చేసికొనెను. నాలుగింట మూడు పిల్లలైనవి. అవి గ్రుడ్డు వెడలిన కొన్నిగంటలకే తల్లివెంట పరుగిడగలవు. మా యమ్మాయి పురుడును సుఖముగా జరిగినది. అందువలన తీతువు శుభపక్షి యని మేము చెప్పము. శుభాశుభములు రెండును దాని పని కావు.

పక్షిని గుర్తించుట కష్టమైన విద్య కాదు. ముందు పరిమాణమును పిచ్చుకతోను, గోరింకతోను, కాకితోను పోల్చవలయును. పిదప ముక్కు, కాళ్లు, తోక. ఆమీద నడక, కూర్చుండు చోటు. చీలిన పొడవైన తోకతో పశువులమీద కూర్చుండు నల్లనిది పసులపోలిగాడు. చెరువుపై ఒకేచోట ఱెక్కలాడించుచు నిలిచి, నీటిలోనికి సూటిగా దుముకు నలుపుతెలుపులది ఒకజాతి లకుముకి. గోధుమరంగు తల, తెల్లని గొంతు, నీలపు వీపు గలది మఱియొక లకుముకి. తీగపై కూర్చున్నప్పుడు మాసినట్లు తోచి, ఎగురగానే ఱెక్కల నీలము చూపునది మన తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్ట. దసరానాడు దీనిని చూడగోరి, పట్టి పంజరమున బెట్టి చూపువారికి డబ్బిచ్చుట తగదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దానిని పట్టుటను నిషేధించినది.

కంటికి కానరానివానిని చెవి పట్టియిచ్చును. కంచరి సుత్తిదెబ్బవలె ఎడతెగక "టుక్ టుక్" మనునది మఱ్ఱిపండ్లు తిను చిన్న ఆకుపచ్చని పిట్ట. పొదలోనుండి లోతైన గొంతుతో "ఊప్ ఊప్" అనునది జెముడుకాకి. కవులు కోయిలమ్మ యని పిలిచినను, వసంతమున తీయగా కూయునది మగకోయిల. ఆడుది గోధుమవన్నెపై తెల్లచుక్కలు గలిగి "కిక్ కిక్" అని మాత్రము అఱచును. తీతువు కూతయే ఆంగ్లేయుల చెవికి "డిడ్ హీ డూ ఇట్" అని, అనగా "వాడే చేసెనా" యని తోచినది. కూత ఒక్కటే, వినువారి తలంపులు వేఱు.

ఈ విద్యకును స్త్రీలకును సంబంధము క్రొత్తది కాదు. అమెరికాలో ఫ్లోరెన్సు మెరియం అను నామె పక్షులను చంపక దుర్భిణితో చూచి గుర్తించుడని 1889లో పుస్తకము వ్రాసెను. 1896లో బోస్టనునందు హారియెట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అను బంధువులిరువురు, టోపీలకై ఈకలు ధరింపవలదని తోడి స్త్రీలను కూడగట్టి పక్షిరక్షణ సంఘమును స్థాపించిరి. అట్టి యుద్యమముల ఫలముగా 1918లో ఆ దేశమున వలసపక్షుల రక్షణకు చట్టము వచ్చెను. మనదేశమున బీహారునందు జన్మించిన జమాల్ ఆరా పిల్లలకొఱకు పక్షులనుగూర్చి పుస్తకము వ్రాసిరి. మన హైదరాబాదు సంస్థానపు పక్షులను 1931–32లో సలీం ఆలీ పరిశీలించి నమోదు చేసిరి.

నేడు కార్నెల్ విశ్వవిద్యాలయమువారి మెర్లిన్ అను సాధనము ఫోనులో కూతను విని పక్షిపేరు సూచించును. అది మంచి తోడే; కాని సూచనను కంటితో సరిచూచుకొనవలయును. గూటిచెంత ఫోనులో కూతలు వినిపించి పక్షులను కలతపెట్టరాదు.

మన పెద్దలయొద్ద నున్న పేర్లు ఏ ఫోనులోను దొరకకపోవచ్చును. 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల కానవచ్చినప్పుడు, దానిని కనుగొనుటకు తోడ్పడినది అక్కడి గ్రామీణుల యెరుకయే. కావున సోదరీమణులారా, పిల్లలచేత ఒక పుస్తకము తెఱిపింపుడు. నాయనమ్మ చెప్పిన పేరు, పక్షి రంగు, కూత, కనబడిన చోటు, తేది వ్రాయింపుడు. వారమున కొక్క పక్షియైనను చాలును. ఏడాది తిరుగునప్పటికి ఏబది యగును. పేరు తెలిసిన పొరుగువారికి కీడు తలపెట్టుటకు ఎవరికిని అంత తొందరగా మనసొప్పదు.