ఆఖరి ఓడలో ఒకే చోటు

రేసింగ్ వీడియో గేమ్‌లో గెలిస్తే కప్పో, కొత్త కారో వస్తుంది. ఫ్రెంచ్ కంపెనీ యుబిసాఫ్ట్ 1997లో విడుదల చేసిన 'పాడ్'లో గెలిస్తే దక్కేది ప్రాణం. అయో అనే గ్రహం మీద గనిలో ప్రమాదం జరుగుతుంది. లోపలి నుంచి పుట్టిన వైరస్ నేలనూ ఊళ్లనూ తినేస్తుంటుంది. జనం ఓడలెక్కి వెళ్లిపోగా మిగిలింది ఒక్క ఓడ, అందులో ఒక్క చోటు. అది ఎవరిదో తేల్చుకోవడానికే పందెం. 1995లో వచ్చిన 'వైపౌట్' లాంటి ఆటల్లో వాహనాలు గాల్లో తేలుతూ తళతళలాడేవి. ఇందులో ఉన్నవి చక్రాల బళ్లే. తుపాకులు కూడా లేవు.

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని ఓ తెలుగు ఇంటికి ఈ ఆట కంప్యూటర్‌తోపాటే వచ్చింది. ఇంటెల్ ఎంఎంఎక్స్ చిప్ సత్తా చూపడానికి పనికొచ్చిన తొలి ఆటల్లో ఒకటి కావడంతో, కొత్త కంప్యూటర్లతో దీని సీడీని ఊరికే ఇచ్చేవారు. తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి వర్క్‌షాప్‌లో ఫిట్టర్. పిల్లల చదువుకని పీఎఫ్ అడ్వాన్స్ తీసి కొన్న కంప్యూటర్ మీద రాత్రయితే అన్నదమ్ముల పందేలు.

ఆటలో బండికి వేగం, బ్రేకులు, పట్టు లాంటి గుణాలను మనమే పంచాలి. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. తమ్ముడు అంతా వేగానికే పోసి గోడలకు గుద్దేవాడు. ఓ రాత్రి వెనక నిలబడి చూసిన తండ్రి, "బ్రేకుల్లేని బండి మా షాపు గేటు దాటదురా" అన్నాడు.

ఎనిమిది బళ్లు బయలుదేరితే ఏడు అక్కడే మిగలాలి. ఈ లెక్క ముందు వైరస్ భయం ఏపాటిది? 1999లో ఆ ఇంటికీ అలాంటి లెక్కే ఎదురైంది. ఇద్దరికీ చదవాలని ఉంది, డబ్బు మాత్రం ఒక్కరికే సరిపోతుంది.

"అన్నయ్యా, నువ్వెళ్లు. నీకే మార్కులెక్కువ."

"నాకు అప్రెంటిస్ వచ్చిందిగా. నువ్వెళ్లరా."

ఇక్కడ పందెమేమీ జరగలేదు. మార్కులు తక్కువొచ్చినవాడే కోరమాండల్ ఎక్కి విశాఖపట్నం వెళ్లాడు, ఇంజనీరింగ్ చదివాడు, హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. అన్న వర్క్‌షాప్‌లోనే ఉన్నాడు. అతడిది త్యాగమని చుట్టాలంటారు. అతడికి ఆ మాట నచ్చదు. ఇనుముతో పని తనకు ఇష్టమేనంటాడు. నిజమే కావచ్చు. తమ్ముడు మాత్రం పూర్తిగా నమ్మలేదు.

పాత ఆట తర్వాత 'పాడ్ గోల్డ్' పేరుతో డౌన్‌లోడ్‌కూ వచ్చింది. తమ్ముడు కొన్నాడు. నెట్‌వర్క్‌లో ఎనిమిది మంది దాకా కలిసి ఆడే వీలు అందులో మొదటి నుంచీ ఉంది. ఎలాగోలా కలిపి ఓ ఆదివారం ఆడదామని ఫోన్‌లో అడుగుతుంటాడు.

"ఈ వారం డ్యూటీ ఉందిరా" అంటాడు అన్న.