విమానం ఎక్కిన కాలు

మీరు ఎప్పుడైనా బోధను వచ్చి నాతోపాటు శక్కరునగరు రోడ్డున నడిస్తే, నా కుడికాలు నాది కాదని మీకు తెలియనే తెలియదు. మోకాలి కిందినుంచి అది జైపూరులో చేసిన కాలు.

అసలుకాలు ఎలా పోయిందో దాచకుండా చెబుతాను. మా ఊళ్లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది. నా చిన్నతనంలో చెరకు ఆడే రోజులు వస్తే దాని ముందు బండ్లు బారులు తీరేవి. కదిలే బండినుంచి చెరకుగడ లాగటం మా పిల్లలందరికీ సరదా. ఒకనాడు గడ చేతికి వచ్చింది, కాలు చక్రం కిందికి పోయింది. (ఇప్పుడా సరదాకు వీలు లేదు. 2015లో ఫ్యాక్టరీ ఆగిపోయింది.)

జైపూరుకాలును 1968 ప్రాంతంలో రామచంద్రశర్మ అనే పనివాడూ, డాక్టరు సేథీ కలిసి తయారుచేశారు. దాని పాదం రబ్బరుది. బూటు లేకుండా పొలంలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. నాది పాతరకం గనక పిక్క మాత్రం అల్యూమినియం రేకు. చిక్కంతా ఆ రేకుతోనే వచ్చింది.

మా నిజామాబాదు వైపు ఎందరో గల్ఫుకు పోయి పనిచేస్తున్నారు. మా అబ్బాయి దుబాయిలో ఉన్నాడు. 2019లో వాణ్ణి చూడటానికి ఎనిమిదేళ్ల మనుమరాలిని వెంటబెట్టుకుని బయలుదేరాను. విమానాశ్రయంలో తనిఖీద్వారం దాటానో లేదో, అది కుయ్యిమన్నది.

అయస్కాంతానికి అల్యూమినియం అంటుకోదు గదా, ఆ ద్వారానికి ఎలా తెలిసింది అంటారా? ఆ ద్వారంలో తీగచుట్టలుంటాయి. వాటిలో విద్యుత్తు మారుతూ ఉంటే, చుట్టూ అయస్కాంతక్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. ఆ క్షేత్రంలోకి ఏ లోహం వచ్చినా దానిలో చిన్న విద్యుత్తు సుడులు పుడతాయి. ఆ సుడులకు మళ్లీ సొంత క్షేత్రం ఉంటుంది. ద్వారం దాన్ని పసికట్టి కూస్తుంది. అది కత్తో, కాలో దానికి తెలియదు. తెలుసుకోవలసింది పక్కన నిలబడ్డ మనిషి.

ఆ మనిషి, "కాలు విప్పి తట్టలో పెట్టండి," అన్నాడు.

"ఇక్కడేనా, నాయనా? అందరి ముందా?" అన్నాను.

"తొందరగా," అన్నాడతను.

కుర్చీలో కూర్చుని పట్టీలు విప్పాను. నా మనుమరాలు తన చిన్న శాలువాను తెరలాగా పట్టుకున్నది. పాపం, అది నా మోకాలిదాకా కూడా రాలేదు. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు. చెప్పులూ, సంచులతోపాటు నా కాలు కూడా పెట్టెలోకి పోయింది. అది తిరిగి వచ్చిందాకా నేను తల ఎత్తలేదు. కాలు పోయిన రోజున కూడా నేను అంత చిన్నబోలేదు.

2021 అక్టోబరులో నర్తకి సుధాచంద్రన్ తనకూ ఇలాగే జరుగుతున్నదని బాహాటంగా చెప్పారు. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోయినా, జైపూరుకాలితో నాట్యం చేసిన ఆవిడ ఆమే. "మయూరి" సినిమా ఆమె కథే. మీ అమ్మానాన్నల నడగండి. భద్రతాదళం వారు ఆమెకు క్షమాపణ చెప్పారు. అదే ఏడు డిసెంబరు 1న సుప్రీంకోర్టు, తనిఖీకోసం కృత్రిమ అవయవాలను విప్పించరాదనీ, వికలాంగులను వారి అనుమతి లేకుండా చేతులతో ఎత్తరాదనీ అన్నది.

2023లో మళ్లీ దుబాయికి బయలుదేరాను. ద్వారం మళ్లీ కుయ్యిమన్నది. నా చెయ్యి దానంతట అదే పట్టీ మీదికి పోయింది. మనుమరాలు శాలువా తీసింది. అప్పటికి దానికి పన్నెండేళ్లు.

ఈసారి అక్కడ ఉన్న కుర్రవాడు, "విప్పకండి, తాతగారూ," అని నన్ను లోపలి గదికి తీసుకుపోయాడు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ముట్టుకోవచ్చునా? ఎక్కడైనా నొప్పి ఉన్నదా?" అని అడిగాడు. ఒక చిన్న గుడ్డపీలికతో కాలు తుడిచి, దాన్ని ఒక యంత్రంలో పెట్టాడు. మందుగుండు తాలూకు రవ్వంత అణువులున్నా ఆ యంత్రం పట్టేస్తుందట. పచ్చదీపం వెలిగింది. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

బయటికి వస్తూ మనుమరాలు నా చెవిలో, "అన్నీ పసికట్టే యంత్రమే గాని, నువ్వు చెరకు దొంగిలించిన సంగతి మాత్రం దానికి తెలియలేదు, తాతా!" అన్నది.