ఐదవది నేర్వాలంటే

ఆ శుక్రవారం మా మేనల్లుని చేతిలోని పోకెమాన్ ఆటను లాగివేయాలన్న ఉద్దేశంతోనే మేము వాడి పక్కన కూర్చున్నాము. దానిలో జూదపు పోకడలున్నాయని సౌదీ ఉలమాలు 2001లో ఫత్వా ఇచ్చిన సంగతి మాకు గుర్తుంది. కువైట్ నుండి సెలవుపై వచ్చిన వాడి చాచా తెచ్చిన యంత్రమది. పన్నెండేళ్ళ ఆ బాలుడు మార్టూరులో మా వద్దనే ఉండి హిఫ్జ్ చేస్తున్నాడు.

తెరపై ఒక ప్రశ్న నిలిచి ఉన్నది. వాడు పెంచుతున్న నీటి జీవి కొత్త విద్య నేర్వబోతున్నది. కాని ఆ ఆటలో ఏ జీవికైనా నాలుగు విద్యలకే చోటు. 1996లో జపాన్‌లో ఆట మొదలైననాటి నుండీ అదే నియమమట. ఐదవది కావాలంటే ఉన్నవాటిలో ఒకదానిని మరవాలి. తొలినాటి ఆటల్లోనైతే మరచినదానిని మళ్ళీ నేర్పించడం అంత తేలిక కాదట.

"బలమైన నీటి దెబ్బలే నాలుగూ పెట్టుకోరాదా?" అన్నాము.

"గడ్డి జాతిది ఎదురైతే అవి సరిగా పనిచేయవు మామూ. అందుకే ఒక మంచు దెబ్బ ఉంచాను. ఇంకొకటి కాచుకోవడానికి. ఏది తీసెయ్యాలో తెలియడం లేదు."

మేము మారుమాట్లాడలేకపోయాము. వచ్చే రమజానుకు కొడుకు తరావీహ్‌లో నిలబడాలని చిలకలూరిపేటలోని మా చెల్లెలి కోరిక. ఆ తొందరలో వాడి సబఖ్‌ను అరపేజీ నుండి పేజీకి పెంచినది మేమే. దానికి తోడు బడి, సాయంత్రం లెక్కల ట్యూషన్. ఇన్నింటికీ సమయం ఎక్కడిదని ఎవరమూ అడగలేదు. అది మంజిల్ నుండి, అంటే పాత పారాలు వల్లించే గంట నుండి, చప్పుడు లేకుండా పోయింది. కంఠస్థమైన ఖుర్ఆన్‌ను దైవప్రవక్త (సఅసం) కట్టివేసిన ఒంటెతో పోల్చారని ఏటా పిల్లలకు చెప్పే మేమే ఆ తాడు వదిలాము. కిందటి నెల మూడవ పారా అప్పజెప్పమంటే వాడు నాలుగుచోట్ల ఆగిపోయాడు. సోమరివని అందరి ముందూ నిలబెట్టాము. వాడు తల వంచుకున్నాడే గాని ఒక్క మాట అనలేదు.

ఆట మంచిదని చెప్పబోవడం లేదు. సాయంత్రానికి యంత్రం చాచా సంచిలోకి చేరింది. అయితే అంతకుముందు వాడు చేసినది చూశాము. కొత్తది వద్దనడానికి కూడా అందులో వీలున్నది. వాడు చాలాసేపు ఆలోచించి అదే నొక్కాడు.

మరునాడు ఫజ్ర్ తరువాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నాటి కోపం మా తప్పేనని చెప్పాము. నలభై రోజులు కొత్త సబఖ్ లేదన్నాము. ముందు నమ్మలేదు. పిదప మూడవ పారా తెరిచాడు.

నెల తిరిగాక చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, ఎన్నో పారాకు వచ్చాడు?"

"తొమ్మిదే" అన్నాము. అవతల చాలాసేపు మాట లేదు.