హుక్కులు కుట్టని జాకెట్లు

మతిమరుపు అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు తమంతట తామే వస్తారు, కొందర్ని ఇంట్లోవాళ్లు తీసుకొస్తారు. ఫలానా మంగళవారం ఫలానాది మర్చిపోయానని పూసగుచ్చినట్టు చెప్పేవారి గురించి నేను పెద్దగా కంగారుపడను. మర్చిపోయిన సంగతులన్నీ అంత వివరంగా గుర్తున్నాయంటే జ్ఞాపకశక్తికి ఢోకా లేనట్టే. "నాకేం లేదండీ, వీళ్లే పట్టుకొచ్చారు" అని నవ్వేసి, పొద్దున ఏం తిన్నారని అడగ్గానే జవాబు కోసం భార్య వైపు తల తిప్పే పెద్దమనిషి విషయంలోనే జాగ్రత్తపడాలి. అలా తల తిప్పడాన్ని వైద్యులు ఒక లక్షణంగానే లెక్కలోకి తీసుకుంటారు.

ఆ హెడ్మాస్టరుగారు మొదటి రకం. జిల్లాపరిషత్ హైస్కూలు. వయసు యాభై దాటింది. వాళ్ల నాన్నగారు చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేదట. "నాకూ మొదలైందండీ" అన్నారు కూర్చుంటూనే. పదో తరగతిలో లెక్క సగం చేసి, తర్వాతి మెట్టు తోచక బోర్డు ముందు నిలబడిపోయారు. బీరువా తెరిచి ఎందుకు తెరిచానా అనుకున్నారు. మూడేళ్లుగా ఎదురుగా కూర్చుంటున్న పిల్లాణ్ని వాడి అన్న పేరు పెట్టి పిలిచారు.

మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే మూడూ చెప్పారు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది నిమిషాలు చూపించమంటే, ముల్లు ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా గీశారు. థైరాయిడ్, బి12, షుగర్, అన్నీ బాగున్నాయి. నేను ఈ పరీక్షలు చేస్తున్నంతసేపూ ఆయన చొక్కా జేబులో ఫోను గుర్రుమంటూనే ఉంది. మోగినప్పుడల్లా చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది.

"ఏంటి మాస్టారూ, ఎవరు?"

"ఎవరూ కాదండీ. మధ్యాహ్న భోజనం ఫొటో ఎక్కలేదు. పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది ఆ చక్రం. దానికి ముందు హాజరు యాప్‌లో ఇద్దరు టీచర్ల ముఖాలు పట్టలేదు. మరుగుదొడ్ల ఫొటో నిన్నటిదే మళ్లీ పెట్టానని గ్రూపులో మెసేజి. అది వేరు అని చెప్పాలి."

ఆయన రోగం ఆ మాటల్లోనే ఉంది. ఫొటో ఎక్కిందో లేదో తేలకుండానే క్లాసుకి వెళ్తారు. చేయి సుద్దముక్కతో సమీకరణం రాస్తుంటే లోపల ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక సంగతి జ్ఞాపకంలోకి చేరాలంటే ముందు దాని మీద దృష్టి పడాలి. దృష్టే లేనిచోట జ్ఞాపకం పోవడానికి అసలు లోపలికి వస్తేగా! ఆయనకు మెదడు స్కానింగ్ రాయలేదు. ఆ సంగతి విని కొంచెం నొచ్చుకున్నారు కూడా.

ఇలాంటివి చూసినప్పుడు ఓ పాత ప్రయోగం తలపుకొస్తుంది. లిథువేనియాలో పుట్టిన బ్లూమా జైగార్నిక్ బెర్లిన్‌లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ దగ్గర పరిశోధన చేసింది. హోటల్లో డబ్బు కట్టని బల్లల లెక్కలు వెయిటరుకు నోటికి ఉండటం, కట్టేశాక ఆ లెక్క కాస్తా మాయమవడం లెవిన్ గమనించాడని చెబుతారు. జైగార్నిక్ ఒక్కో మనిషికీ దాదాపు ఇరవై చిన్న చిన్న పనులు ఇచ్చింది. మట్టిబొమ్మ చేయడం, పూసలు గుచ్చడం, లెక్కలు, చిక్కుప్రశ్నలు. వాటిలో సగం పనుల్ని మధ్యలోనే ఆపించింది. తర్వాత ఏమేం చేశారని అడిగితే, పూర్తయిన వాటికన్నా ఆగిపోయినవే దాదాపు రెట్టింపు గుర్తున్నాయి. ఇది 1927లో అచ్చయింది. వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసాలిచ్చే వాళ్లంతా నేటికీ దీన్నే చెబుతుంటారు.

వాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. జ్ఞాపకం గురించిన ఆ ఫలితం తర్వాత చాలామంది చేతుల్లో అలా రాలేదు. పాత ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2025 విశ్లేషణలోనూ నిలబడలేదు. నిలబడింది అదే లెవిన్ శిష్యురాలు మరియా ఒవ్‌సియాంకినా 1928లో చూపింది. మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, ఖాళీ దొరగ్గానే మనిషి మళ్లీ అందుకుంటాడు. వైద్యుడిగా నాకు ఇదే ఎక్కువ ఉపయోగం. ఆగిన పని గుర్తుంటుందా లేదా అన్నది పక్కనపెడితే, అది మనిషిని తన వైపు లాగుతూ ఉంటుంది. మాస్టారి చెయ్యి జేబు దాకా వెళ్లి రావడం ఆ లాగుడే.

అయితే పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముగించేస్తే సరిపోతుందా? చాలాకాలం నేనూ రోగులకు అదే చెప్పేవాణ్ని. ఆ సలహాలో ఎంత డొల్ల ఉందో మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ చూపించింది.

శ్రావణమాసం ముందు వచ్చిందావిడ. రోజూ తలనొప్పి, రాత్రి రెండింటికి మెలకువ, తర్వాత నిద్ర లేదు. కళ్ల డాక్టరు అద్దాలు ఇచ్చాడు, వేరేచోట స్కానింగ్ అయింది, ఏమీ లేదన్నారు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్ర రోజూ వేసుకుంటోంది, కొన్నాళ్లుగా రెండు. అదే సగం జబ్బు. నెలలో పది పదిహేను రోజులు దాటి నొప్పి మాత్రలు వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి పుట్టిస్తాయి. అవి మాన్పించాను. ఇక నిద్ర సంగతి.

"పని ఎలా సాగుతోందమ్మా?"

"బోలెడు సగంసగం ఉన్నాయి డాక్టరుగారూ. ఒకామెది చేతులు ఎక్కిస్తుంటే ఇంకొకామె వచ్చి, అక్కా రేపే పెళ్లి అంటుంది. అది పక్కనపడేసి ఇది మొదలుపెడతాను."

నేను నా పాత సలహా ఇచ్చాను. ఒక జాకెట్టు హుక్కుల దాకా పూర్తయ్యాకే ఇంకోదానికి కత్తెర పెట్టు అన్నాను. ఆవిడ నవ్వింది.

"అలా కుడితే పూట గడవదండీ. కటింగులన్నీ ఓ రోజు కూర్చుని చేసేసుకోవాలి. మిషనుకి ఎర్రదారం ఎక్కిస్తే ఎర్రవన్నీ కుట్టాకే తీయాలి. కాజాలూ హుక్కులూ రాత్రి టీవీ చూస్తూ ఒక్కసారే. హుక్కులు కుట్టనివి ఎప్పుడూ ఓ ఇరవై ఉంటాయి నా దగ్గర. అవేం చేశాయి నన్ను?"

నిజమే, అవేం చేయలేదు. మరి రాత్రి రెండింటికి ఏ జాకెట్టు గుర్తొస్తోందని అడిగాను. ఆవిడ ఆలోచించలేదు కూడా, వెంటనే చెప్పింది. ఒకదానికి ఆది జాకెట్టు ఎక్కడో కలిసిపోయింది, దొరకడం లేదు. ఒక పట్టుదానికి చేతులకు గుడ్డ చాల్లేదు; ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాలి, చెబితే ఆమె విరుచుకుపడుతుంది. ఇంకొకటి, పాత బాకీ తీర్చని మనిషిది. కుట్టాలా మానాలా తెలియడం లేదు.

ఇరవై అసంపూర్ణ జాకెట్లు సంచిలో ఉండగా హాయిగా నిద్రపోయే మనిషిని మూడు లేపుతున్నాయి. కుట్టు సగంలో ఉండటం వాటి దోషం కాదు. ఆ ఇరవైకీ తర్వాత ఏం చేయాలో ఆవిడకు తెలుసు. ఈ మూడింటి విషయంలోనే ఏమీ తేల్చుకోలేదు.

ఫ్లోరిడాలో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు 2011లో ప్రచురించింది దీనికి దగ్గరగానే ఉంది. చేయాల్సిన పని మిగిలి ఉన్నవాళ్లకి నవలలో కొన్ని పేజీలు చదవమని ఇస్తే ధ్యాస చెదిరింది. ఆ పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందుగా నిర్ణయించుకోమన్నవాళ్లకి మాత్రం ఆ ఇబ్బంది దాదాపు పోయింది. పని ఇంకా చేయలేదు, అలాగే ఉంది, నిర్ణయం ఒక్కటే జరిగింది. టెక్సాస్‌లో బేలర్ విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో 57 మందిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నారు. చేసేసిన పనులు రాసినవాళ్లకన్నా చేయాల్సినవి రాసినవాళ్లకు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. విడమరచి రాసినవాళ్లకు ఇంకా తొందరగా పట్టింది. తొమ్మిది నిమిషాలు పెద్ద లెక్క కాదనిపించవచ్చు. నేను రాసే నిద్రమాత్రలు కొన్ని ఇంతకన్నా గొప్పగా ఏమీ చేయవు, మర్నాడు పొద్దున మత్తు అదనం.

ఆవిడకు చీటీలు పెట్టుకోమన్నాను. ఏ జాకెట్టు పక్కనపెట్టినా దానికి గుండుసూదితో ఒక చీటీ. ఆ చీటీ మీద తర్వాతి పని ఒక్కటే. "చేతుల గుడ్డ, రేపు పదింటికి ఫోను." "హుక్కులు, రాత్రికి." నాలుగు వారాల తర్వాత తలనొప్పి సగానికి తగ్గిందంది. మాత్రలు ఆపినందుకా, చీటీలకా, శ్రావణం రద్దీ అయిపోయినందుకా, నేను చెప్పలేను. పట్టు జాకెట్టు ఆమె మాత్రం ఫోన్లో తిట్టనే లేదట. చేతులు కురచ పెట్టమందట.

మాస్టారికీ ఇంచుమించు అదే చెప్పాను. ఎక్కని ఫొటోలు ఒక కాగితం మీద రాసి, మూడింటికి మళ్లీ చూస్తానని పక్కన వేసుకుని, ఫోను ఆఫీసు సొరుగులో పెట్టి క్లాసుకి వెళ్లమన్నాను. యాప్‌లు తగ్గించే మందు నా దగ్గర లేదు.

ఇదంతా మనసు బరువు గురించే అనుకుంటే పొరపాటు. వార్డులో ఇదే సంగతి ప్రాణం మీదికి తెస్తుంది. గతంలో నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక సిస్టరు పెద్దావిడకు ఇన్సులిన్ తీస్తోంది. పక్క మంచం వాళ్లు "సిస్టరమ్మా, సెలైన్ అయిపోయింది" అన్నారు. వెళ్లి అది మార్చింది. తిరిగి వచ్చేసరికి ట్రేలో సిరంజి ఖాళీగా ఉంది. ఇచ్చాక వెళ్లానా, తీయకముందే వెళ్లానా? కేస్‌షీటులో సంతకం లేదు. పెద్దావిడని అడిగితే, "ఏదో గుచ్చినట్టే ఉంది తల్లీ" అంది, అది పొద్దుటి రక్తపరీక్ష సూదైనా కావచ్చు. ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు. మళ్లీ ఇవ్వలేదు. గంటగంటకూ గ్లూకోమీటరుతో చూస్తూ నాకు ఫోన్ చేసింది. మూడోసారికి షుగర్ దిగుతూ కనిపించింది, అంటే ఇచ్చేసిందే. ఇన్సులిన్ ఇచ్చామో లేదో అనుమానం వస్తే ఇవ్వకుండా ఆగి షుగర్ చూసుకోవాలి. ఇంట్లో వేసుకునేవాళ్లకైనా అంతే.

సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సుల వెనక నిలబడి, వాళ్లిచ్చిన నాలుగు వేల పైచిలుకు మందు మోతాదుల్ని గమనించిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. సగానికి పైగా సందర్భాల్లో ఎవరో ఒకరు మధ్యలో కదిలించారు. అలా కదిలించిన ప్రతిసారికీ పొరపాట్లు సుమారు 12 శాతం చొప్పున పెరిగాయి. విమానం పదివేల అడుగుల దిగువన ఉన్నప్పుడు పైలట్లు పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని అమెరికాలో 1981 నుంచి నిబంధన ఉంది. మందుల ట్రాలీ తిరిగే ఆ అరగంట నర్సుని పిలవవద్దని మా వార్డు గోడ మీద బోర్డు పెట్టాం. అటెండెంట్లు బాగానే పాటిస్తారు. పాటించంది రౌండ్స్‌కి వచ్చే డాక్టర్లే.

చీటీలు అందరికీ నప్పవు. ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడి ఫోన్లో చేయాల్సిన పనుల పట్టిక కిందికి జరిపినకొద్దీ వస్తూనే ఉంది, ఒక్కటీ కొట్టేసి లేదు. భార్య బద్ధకమంది. తెల్లారుజామున నాలుగింటికే మెలకువ, కూరలో ఉప్పు తెలియకపోవడం, నెలన్నరగా ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం - అతనిది డిప్రెషన్. అక్కడ ఆగిన పనులు జబ్బుకి కారణం కావు, జబ్బు పెట్టినవి. అలాంటి మనిషికి ఇంకో పట్టిక రాయమనడం పుండు మీద కారం చల్లడమే. వైద్యం ముందు, పట్టిక తర్వాత.

ఇక ఎంత నిర్ణయించుకున్నా తన చేతిలో లేని పనులుంటాయి. నా దగ్గరికి బీపీకి వచ్చే ఒక రైతు ఉన్నాడు. రెండెకరాల గట్టు తగాదా, వాళ్ల నాన్న వేసిన దావా. నాన్న పోయాడు, అవతలివాడూ పోయాడు, దావా ఉంది. ఆ కాగితాల కట్ట మంచం కింద ట్రంకుపెట్టెలో ఉండేది. రాత్రిళ్లు విప్పి చదివేవాడు. నారుమడి తడిపే రోజు మర్చిపోయేవాడు, పురుగుమందు రెండుసార్లు కలిపాడు. బుర్ర పనిచేయడంలేదని పిల్లలు నా దగ్గరకు తీసుకొచ్చారు. చీటీ రాయమంటే, "ఏం రాయమంటారు బాబూ, జడ్జిగారు ఎప్పుడు తేలుస్తారో నేను రాయాలా?" అన్నాడు.

ఉపాయం అతనే కనిపెట్టాడు. కట్ట తీసుకెళ్లి వకీలు గుమాస్తాకు ఇచ్చేశాడు, వాయిదాకి రెండు రోజుల ముందు తప్ప తనకు చూపించవద్దని చెప్పి. వాయిదా తేదీ ఇంటి క్యాలెండరులో భార్య గుండ్రం చుడుతుంది. మధ్య రోజుల్లో పొలం చూసుకుంటున్నాడు, బీపీ నూట ముప్పై దగ్గర ఉంటోంది. వాయిదా రోజు మాత్రం కోర్టు నుంచి సరాసరి బీపీ చూపించుకోవడానికి రావద్దన్నాను. ఆ రోజు అంకె చూసి మందు పెంచానంటే, మర్నాడు పొలం గట్టు మీద కళ్లు తిరిగి పడతాడు.