చేతికి తగ్గ వీణ

చేత్తో చేసే వాద్యం కొనడమంటే చీర కొనడం కాదు, జాకెట్టు కుట్టించుకోవడం. కంటికి నచ్చితే చాలదు, ఒంటికి అమరాలి. మా ఇంట్లో ఈ కొలతల గొడవ ఒకేసారి ఇద్దరికి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి గిటార్ చేయించుకుంటానన్నాడు. రిటైరయ్యి లంబసింగిలో స్థిరపడ్డ నేను వీణ చేయించుకుందామనుకున్నాను.

వాడు రోజూ ఫోన్ చేసి ఓ కొత్త సందేహం చెప్పేవాడు. వెనక పలకకి ఏ కర్ర? ప్రపంచంలో గిటార్లు చేసేవాళ్లంతా కోరుకునే కర్రల్లో మన దక్షిణాది రోజ్‌వుడ్ ఒకటి. మెడ ఎంత వెడల్పు? స్టీలు తీగల గిటార్‌కి పైన 43, 44 మిల్లీమీటర్లు ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి 52 దాకా ఉంటుంది. వాడివి వాళ్ల నాన్నలా లావు వేళ్లు. ఒక తీగ నొక్కితే పక్క తీగ మూగబోతుంది. అందుకని అలంకారాలన్నీ మానేసి, మెడ మాత్రం కాస్త వెడల్పు చేయించుకున్నాడు.

నా సంగతి వేరు. నాకు కీళ్లవాతం. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు పొద్దున్న లేచేసరికి కొయ్యబారిపోతాయి. వీణకి కావలసినవి సరిగ్గా ఆ రెండే! మా ఊరి చలి సంగతి మీకు తెలిసిందే. కొర్రబయలు అని దీనికి ఇంకో పేరు. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. మనిషే కర్రయ్యే చోట అసలు కర్ర ఏమవుతుందో చూసుకోవాలి కదా.

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి వెళ్లాం. బొబ్బిలి వీణ పుట్టే ఊరు అది. పనసకర్ర మొద్దులో కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే కర్రగా తొలిచేస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. పనస తేలిక, గట్టిది. చెద తొందరగా పట్టదు, నాదమూ బాగా పలుకుతుంది. నేను వెంట రాసుకెళ్లిన కాగితంలో నెమళ్లు, లతలు, అంచు నగిషీ ఉన్నాయి. పెద్దాయన కాగితం చూడనేలేదు. "వాయించీది ఎవులమ్మా? ఏ ఊర్లో ఉంటాది వీణ?" అని అడిగారు. చెప్పాను. "ఏదీ, సెయ్యి సూపించండి" అన్నారు. ఓ పక్కన కూర్చోబెట్టి, ఉన్న వీణ ఒకటి ఒళ్లో పెట్టి వాయించమన్నారు. రెండు నిమిషాలకే నా ముఖం చూసి ఆయనకి అర్థమైపోయింది.

అక్కడినుంచి ఒక్కొక్కటే తేల్చుకున్నాం. మొదటిది, అతుకులున్నదా, ఏకాండా? జిగురుతో అతికినదైతే మంచుకి, ఎండకి అతుకుల దగ్గర విడిపోయే భయం ఉంటుంది. మంచులో మునిగే ఊరు కాబట్టి ఏకాండే. రెండోది తీగలు. తీగ లాగితేనే వీణలో గమకం. చిట్టిబాబు (1936-1996) గారి వీణ కోయిలలా కూసిందంటే ఆ లాగుడులోనే. కానీ ఆ బలం నా వేళ్లకి లేదు. సన్నతీగ వేసి శ్రుతి ఓ మెట్టు దించితే బిగువు తగ్గుతుంది, వేలికి సుఖం. నాదం మాత్రం చిన్నదవుతుంది. మరీ దించితే తీగ సడలి, మెట్లకి తగిలి జీరపోతుంది. నాదమా, వేళ్లా అంటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. నేను వేళ్లన్నాను. వీధి చివరికి వినబడక్కర్లేదు, వంటింట్లోకి వినబడితే చాలు.

మూడోది మెట్లు. 24 మెట్ల వీణకి రూపమిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడి (1600-1634) కాలమంటారు. గిటార్‌లో మెట్లని లెక్క ప్రకారం కర్రలో గాడి కోసి దిగ్గొడతారు, ఇక అవి కదలవు. మన మెట్లు మైనం మీద కూర్చుంటాయి. చెవికి సరిపోయేదాకా జరిపి మేళం కడతారు. ఆ వెసులుబాటే నాకు వరమయింది. తీగకీ మెట్టుకీ మధ్య ఖాళీ తగ్గించి కట్టించుకున్నాను. చలికి మైనం పెళుసెక్కుతుందనీ, మేళం అప్పుడప్పుడూ సరిచేయించుకోవాలనీ పెద్దాయన ముందే చెప్పారు.

చివరిది బిరడాలు. కర్ర బిరడా తేమకి ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండలకి జారిపోతుంది. దాన్ని తిప్పడం నా మణికట్టుతో కాని పని. అబ్బాయి గిటార్‌కి పెట్టించుకున్న పళ్లచక్రాల కీలు గుర్తొచ్చి, అలాంటివి కుదురుతాయా అని అడిగాను. "అందం పోద్దమ్మా" అని ఆయన కాసేపు నసిగారు. మళ్లీ ఆయనే, "సెయ్యి తిరక్కపోతే అందం దేనికిలే" అని ఒప్పుకున్నారు. నెమళ్లూ లతలూ పోయాయి. ఆ డబ్బుతో మెత్తటి గుడ్డ పరిచిన గట్టి పెట్టె చేయించాను.

వీణ ఇంటికొచ్చాక ఓ నియమం పెట్టుకున్నాను. మంచు విడిచేదాకా పెట్టె తెరవను. పదింటికి ఎండ వరండాలోకి వచ్చాక, వేళ్లు వేడినీళ్లలో కాసేపు ఉంచి, అప్పుడు కూర్చుంటాను. నాదం చిన్నదే. చూసినవాళ్లు "ఇంత సాదాగా ఉందేంటి" అంటూనే ఉన్నారు. కానీ వేళ్లు నొప్పి అనే లోపల ఒక వర్ణం పూర్తవుతోంది. నాలుగేళ్లుగా సగంలో ఆగిపోతున్న వర్ణం అది.