దసరా ముందు కమ్మరింటి కబుర్లు

నిమజ్జనం అయిపోయింది. హైదరాబాద్ చిక్కడపల్లిలో గణపతి పందిళ్ళ కర్రలు ఇంకా రోడ్డు వారన పడే ఉన్నాయి. మైకులు మూగబోయాయి గానీ, చెవుల్లో మోత తగ్గడానికి మరో వారం పడుతుంది. ఈలోగా బతుకమ్మ కోసం కూరగాయల మార్కెట్ పక్కన గునుగు పూల కట్టలు దిగుతాయి, వెనకే తంగేడు వస్తుంది. తంగేడు ధర విని పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఊళ్ళో చేను గట్టున ఊరికే పూసేది, ఇక్కడ గుప్పెడు పూలకు నోటు తీయాలి మరి.

పందిళ్ళూ బతుకమ్మా నడిచే ఈ రోజుల్లోనే సెప్టెంబర్ 17 ఒకటి వస్తుంది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు. దాన్ని ఏ పేరుతో పిలవాలో పార్టీలు ఏటా కొట్లాడుకుంటూనే ఉంటాయి, జెండా మాత్రం అందరూ ఎగరేస్తారు. ఆ గోలలో పడి చాలామంది మరిచిపోయేది అదే రోజు వచ్చే విశ్వకర్మ జయంతి. కార్ఖానాల్లో యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, ఆ పూట పని ఆపేస్తారు. 2023లో కేంద్ర ప్రభుత్వం సరిగ్గా అదే రోజున పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్దెనిమిది వృత్తులవాళ్ళకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీ మీద ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల అప్పు. జాబితాలో కమ్మరి కూడా ఉన్నాడు. మంచిదే. అయితే కమ్మరికి ఇవాళ అప్పు కన్నా ఎక్కువ అవసరమైనది గిరాకీ. అది ఏ పథకంలోనూ రాదు.

కమ్మరి అంటే మన పేటకు సంబంధం లేని మనిషి అనుకోకండి. బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే వచ్చే గన్‌ఫౌండ్రీ సంగతి చూడండి. బ్యాంకు పనుల మీద వెళ్ళినవాళ్ళే ఎక్కువ. 1941లో పుట్టి 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అక్కడే ఉండేది. గన్‌ఫౌండ్రీ అనే పేరు మాత్రం బ్యాంకు కన్నా చాలా పాతది. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. జనం ‘తోప్ కా సాంచా’ అనేవాళ్ళు. 1798 మార్చిలో రేమండ్ పోయాడు. అదే ఏడు ఇంగ్లీషువాళ్ళు నిజాంతో ఒప్పందం రాయించుకుని ఫ్రెంచి పటాలాన్ని ఆయుధాలు దింపించి పంపేశారు. సందులో మందపాటి ఇటుక గోడలు మిగిలాయి. మలక్‌పేట దగ్గర గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది, దాని మీద పొడుగాటి రాతి స్తంభం ఉంది. ఆయన కోసం సమ్మెట ఎత్తినవాళ్ళకు సమాధి మాట దేవుడెరుగు, పేరన్నా మిగల్లేదు.

ఆ రోజుల్లో ఈ రాజ్యంలో ఇనుము పని అంటే ఉత్తర తెలంగాణదే. నిర్మల్, జగిత్యాల, ఇందల్వాయి, కోనసముద్రం. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయి కత్తుల గురించి రాసుకున్నాడు. గోల్కొండ ఉక్కు మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కి పర్షియా దాకా పోయేది. పేరుమోసిన డమాస్కస్ కత్తుల్లో మన పల్లెల ఉక్కు ఉందని అందరూ చెప్పుకుంటారు. ఆ ఉక్కు కరిగించిన ఇల్లు ఎలా ఉండేదో చెప్పేవాళ్ళే తక్కువ.

కోనసముద్రం ఇప్పుడు నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. 1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే సర్వే డాక్టరు అక్కడికి వెళ్ళాడు. దేశమంతా త్రిభుజాలుగా విభజించి కొలిచిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో ఆయన వైద్యుడు, రాళ్ళూ గనులూ తెలిసినవాడు. 1824లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్నది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. వోయ్‌సీ వెళ్ళేసరికి కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు మకాం వేసి ఉన్నాడు. తమ దేశంలో ఇదే పని చేయించబోయి కుదరక, మళ్ళీ ఇక్కడికే వస్తున్నామని ఆయన చెప్పాడట. అంత దూరం నుంచి అరేబియా సముద్రం దాటి వచ్చి ఒక తెలంగాణ పల్లెలో ఉక్కు ముద్దలు తూకం వేయించుకునే మనిషిని ఊహించుకోండి! ఆ కాలపు ఎగుమతి వ్యాపారం అంటే అది.

పని వివరం కూడా వోయ్‌సీ ఓపిగ్గా రాశాడు. మిర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్ళు. ఒకటి ఇసుక ఖనిజం నుంచి తీసినది, ఇంకొకటి ఎర్రమట్టి రాయి నుంచి. రెండూ కలిపి మూసల్లో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో పేర్చి ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదాలి. నిదానంగా చల్లారనిచ్చి మూస పగలగొడితే లోపల ఉక్కు బిళ్ళ. మూస మట్టిలో వరి ఊక కలిపేవాళ్ళని తర్వాత కాలంలో పెంకులు పరీక్షించినవాళ్ళు తేల్చారు. ఊక కాలి బొగ్గయిపోయి, అంత వేడికీ మూస విచ్చిపోకుండా నిలబెట్టేది. ఇనుములో నూటికి ఒకటిన్నర పాలు కర్బనం చేరితే ఆ ఉక్కు. తక్కువైతే మెత్తన, ఎక్కువైతే పెళుసు. కొలిచే యంత్రం లేదు. మంట రంగు చూసి చెప్పే కళ్ళే కొలత.

ఇంత రాసిన చోట ఇనుము తెచ్చిన ఊరి పేరుంది, కొన్న వర్తకుడి పేరుంది. కొలిమి ముందు కూర్చున్న కమ్మరి పేరు మాత్రం మన పుస్తకాల్లోకి ఎక్కలేదు. అతని భార్య మాట ఇక చెప్పనే అక్కర్లేదు. కమ్మరి ఇల్లు తెలిసినవాళ్ళకు ఎవరెవరు ఏం చేసేవాళ్ళో తెలుసు. తిత్తి తాడు లాగేది ఇల్లాలు. సమ్మెట ఎత్తేది పెద్దకొడుకు. పట్టకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని, చిన్న సుత్తెతో ఎక్కడ కొట్టాలో చూపించేది తండ్రి. చిన్నపిల్లలు బొగ్గు ఏరేవాళ్ళు. ఏరువాకకు ముందు ఊళ్ళో నాగళ్ళన్నీ కర్రు కాల్పించుకోవడానికి ఆ ముంగిట్లోనే వరుస కట్టేవి. డబ్బు రూపంలో కూలి ఉండేది కాదు. పంట ఇంటికొచ్చినప్పుడు కళ్ళంలో మేర గింజలు కొలిచేవాళ్ళు. పంట ఎండితే కమ్మరి కడుపూ ఎండేది, కష్టంలో మాత్రం తగ్గింపు ఉండేది కాదు.

నిజాం కాలంలో దీని మీద వెట్టి ఒకటి. దొర బండి చక్రానికి పట్టా ఎక్కించాలన్నా, గడీ తలుపులకు గొళ్ళాలు బిగించాలన్నా పైసా ఇవ్వకుండా పిలిచేవాళ్ళు. 1921లో హైదరాబాద్‌లో పుట్టిన ఆంధ్రజన సంఘం వెట్టికి వ్యతిరేకంగా నోరు విప్పింది. అందులో ముందున్న మాడపాటి హనుమంతరావు గారు 1928లో పెట్టిన ఆడపిల్లల బడి మన నారాయణగూడలోనే ఉంది. అక్కడ చదువుకుని ఉద్యోగాలు చేసిన అమ్మమ్మలు మీ ఇళ్ళలోనూ ఉండి ఉంటారు.

ఇదే నెలలో ఇంకో కమ్మరింటి రోజు కూడా ఉంది. సెప్టెంబర్ 22 మైకేల్ ఫారడే పుట్టినరోజు. 1791లో పుట్టాడు. కరెంటు మోటారుకు దారి చూపిన మనిషని బడిలో చదివాం. ఆయన కమ్మరి కొడుకు. తండ్రి జేమ్స్ ఫారడే ఉత్తర ఇంగ్లండు పల్లె విడిచి లండన్ చేరిన పేద కమ్మరి. వోయ్‌సీ కోనసముద్రం తిరుగుతున్న ఆ సంవత్సరాల్లోనే ఫారడే లండన్‌లో స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి మన దేశపు ఉక్కును ముక్కలు చేసి పరీక్షించాడు. అలాంటిది తామూ చేయాలని ఇద్దరూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. 1820లో, 1822లో పత్రాలు వేశారు. ఒక కమ్మరి కొడుకు ఇంకో ఖండం కమ్మరుల చేతిపని రహస్యం వెతికాడు. కొడుకు వల్ల లండన్ కమ్మరి పేరు లోకానికి తెలిసింది. కోనసముద్రం కమ్మరికి ఆ అదృష్టం పట్టలేదు.

తర్వాత సంగతి త్వరగానే చెప్పేయొచ్చు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. సీమ ఇనుము చవగ్గా దిగింది. బొగ్గుకు అడవిలో చెట్టు కొట్టడం కష్టమైంది. మూసలు చల్లారాయి. కమ్మరులు ఉక్కు మానేసి, కొనుక్కొచ్చిన ఇనుముతో కొడవళ్ళు కొట్టుకున్నారు. ఆ తరవాతి తరాలకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, ఆజామాబాద్ కార్ఖానాలు, మన అశోక్‌నగర్ పక్కనే కవాడిగూడలో 1943లో వచ్చిన ప్రాగా టూల్స్ లాంటివి ఇనుము పనికి కొత్త చోట్లయ్యాయి. ఇంట్లో తండ్రి నేర్పిన పని అక్కడ ‘ఫిట్టర్’, ‘టర్నర్’ అని పేరు మార్చుకుంది.

అశోక్‌నగర్ అనగానే గ్రూప్స్ పరీక్షల పిల్లలు గుర్తొస్తారు కదా. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ దొరకదు. మొన్న చెట్టు కింద ఇద్దరు పిల్లలు ఒకరికొకరు ప్రశ్నలు వేసుకుంటున్నారు. “కోనసముద్రం?” “ఉక్కు.” “నిర్మల్?” “కొయ్యబొమ్మలు.” “పెంబర్తి?” “ఇత్తడి.” అంతే, తర్వాతి ప్రశ్న. ఒక్క మార్కు బిట్టుకు అంతకన్నా అక్కర్లేదు, వాళ్ళ తప్పూ లేదు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఎస్. జైకిషన్ గారు ఉత్తర తెలంగాణ ఇనుము, ఉక్కు చోట్ల మీద చేసిన పని వెతికి చదవండి. కరిగించే కొలిమి ఉన్న ఊళ్ళలో మమ్మాయి అనే అమ్మవారికి గుళ్ళుండేవి. అది ప్రశ్నపత్రంలో రాదు.

మళ్ళీ తంగేడు దగ్గరికి వద్దాం. సేలం, మైసూరు వైపు ఉక్కు చేసేవాళ్ళు మూసలో ఇనుముతో పాటు ఎండు తంగేడు పుల్లలు, పచ్చి ఆకులు వేసి మూసేవాళ్ళని ఇంగ్లీషువాళ్ళు రాశారు. ఉక్కుకు కావలసిన బొగ్గు వాటి నుంచే. తిత్తి తోలు పదును పెట్టడానికి వాడేదీ తంగేడు చెక్కే. ఈసారి మార్కెట్లో ధర విని విసుక్కునే ముందు ఒక్క క్షణం ఆ మొక్కను చూడండి, పూవొక్కటే దాని సొత్తు అనిపించదు.

దసరా నాడు స్కూటర్లకు నిమ్మకాయలు కడతాం, కార్ల ముందు గుమ్మడికాయలు కొడతాం. అంతకన్నా ముందు పెత్తరమాస వస్తుంది. అయ్యగారికి సాయిత్యం ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి కదా. మీది కమ్మరి ఇల్లయితే, వడ్రంగి ఇల్లయితే, కంచరి ఇల్లయితే, ఈసారి ఆ మూడు పేర్లూ, నానమ్మలవి కూడా కలిపి, ఒక కాగితం మీద రాయండి. ఏ ఊరు, ఏ దొర కింద, ఏం చేసేవాళ్ళు, కొలిమి ఎప్పుడు ఆగింది అన్నది కింద రెండు వాక్యాలు చాలు. ఇంట్లో పాత డాకలి ఉంటే పాత ఇనుము బండికి తూకం వేసేయకండి. రాసిన కాగితానికి ఒక నకలు తీసి దగ్గరి గ్రంథాలయంలో ఇవ్వండి.